గొంతు మీద అప్పీలు

ఎమిల్ హావ్‌లిక్ గొంతు పోయిన సంగతి బ్రానిక్ ఊళ్ళో అందరికీ తెలుసు. నమ్మనిదల్లా జ్యూరీయే.

నెబ్రాస్కాలో ఆ మూల గురువారం వచ్చిందంటే పశువుల లారీలన్నీ బ్రానిక్ దారి పట్టేవి. అక్కడి హావ్‌లిక్ వేలంశాలలో ఎత్తుబల్ల మీద కూచుని వేలం పాడేవాడు ఎమిల్. మనిషి పొట్టి, బట్టతల. చూడ్డానికి పోస్టాఫీసు గుమస్తాలా ఉండేవాడు. నోరు తెరిచాడా, అంకెలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పరుగులు తీసేవి. మధ్యమధ్య బేరగాళ్ళ పిసినారితనం మీద చురకలు పడేవి. "ఎమిల్ పాడితే ముసలావు కూడా పెయ్యలా కనపడుతుందిరా" అని రైతులు నవ్వుకునేవారు. నవ్వుకుంటూనే చెయ్యెత్తేవారు.

తమ్ముడు లూమిర్ కింద బరిలో ఉండేవాడు. గేట్లు తియ్యడం, దూడల్ని లోపలికి తోలడం అతని పని. అతనికీ పాడాలని ఉండేది. చివర్లో గొర్రెలో, పాత జీనులో మిగిలితే ఎమిల్ బల్ల దిగి, "ఇక నువ్వు కానియ్" అనేవాడు. అప్పటికి జనం కాఫీకి లేచిపోయేవారు. లూమిర్ ఖాళీ బెంచీలకు పాడేవాడు.

ఒక శరదృతువులో, మొక్కజొన్న కోతల రోజుల్లో, ఎమిల్ కారులో ఇంటికొస్తుంటే కంకర రోడ్ల కూడలి దగ్గర ఒక విత్తనాల కంపెనీ పికప్ ఆగకుండా దూసుకొచ్చింది. స్టీరింగు వచ్చి ఎమిల్ గొంతుకు తగిలింది. లోపల స్వరపేటిక చితికిపోయింది. ఒమాహా ఆస్పత్రిలో మెడకు పెట్టిన గొట్టంతో ఊపిరి పీలుస్తూ కొన్నాళ్ళు గడిపాడు. తర్వాత మాట వచ్చింది గాని, అది గరుకు కాగితంతో చెక్కను రుద్దినట్టుండేది.

"మాట్లాడండి, ఫరవాలేదు. అరవొద్దు. వేలంపాట మాత్రం మర్చిపోండి" అన్నాడు డాక్టరు.

ఆ వారం నుంచే లూమిర్ ఎత్తుబల్ల ఎక్కాడు. ఎమిల్ కింద బరిలో నిలబడి, చేతులెత్తినవాళ్ళను వేలితో చూపించే పనికి దిగాడు. అన్నదమ్ములిద్దరూ చోట్లు మార్చుకున్నారు. దాని గురించి ఇద్దరూ ఒక్క మాటా అనుకోలేదు. లూమిర్ బాగా పాడుతున్నాడని ఎవరైనా అంటే, ఎమిల్ తల పక్కకు తిప్పుకుని గేటు గొళ్ళెం చూసేవాడు.

కంపెనీ మీద దావా వేశారు. తప్పు తమదేనని కంపెనీ మొదట్లోనే ఒప్పుకుంది. ఇక తేలాల్సింది దెబ్బ ఎంత పెద్దది అన్నదొక్కటే. జిల్లా కోర్టులో చుట్టుపక్కల మామూలు జనంలోంచి ఎంచిన జ్యూరీ కూచుంది. ఎమిల్ సాక్షి కుర్చీలో కూచుని ముందున్న మైకులో పొద్దుటి పూటంతా తన గోడు చెప్పుకున్నాడు. కంపెనీ లాయరు అంతా ఓపిగ్గా విని, చివర్లో చిరునవ్వు నవ్వాడు.

"హావ్‌లిక్ గారూ, పొద్దుట్నుంచీ మాట్లాడుతున్నారు. వెనక బెంచీ దాకా వినపడుతోంది. నిజానికి నాకంటే మీరే బాగా మాట్లాడుతున్నారు!"

జ్యూరీలో ఒకరిద్దరు నవ్వారు. ఎమిల్ కూడా అలవాటు కొద్దీ నవ్వాడు. ఆ నవ్వే తన కొంప ముంచిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

తీర్పు వచ్చింది. ఆస్పత్రి ఖర్చులు ఇవ్వాలన్నారు. గొంతుకూ, పోయిన పనికీ ఏమీ లేదన్నారు.

కారెక్కాక భార్య అర్లీన్ చాలాసేపు అద్దంలోంచి బయటకు చూసింది. తర్వాత అంది: "వాళ్ళ లెక్కలో నువ్వు నటుడివన్నమాట. ఇన్నేళ్ళ కాపరంలో నాకైతే ఆ కళ ఎప్పుడూ కనపడలేదు."

"ఊరుకో అర్లీన్."

"నువ్వు ఊరుకున్నావుగా, ఇద్దరి బదులూ."

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం స్కూలు బస్సు నడిపే ట్వైలా బెండా వాళ్ళింటి తలుపు తట్టింది. జ్యూరీలో రెండో వరసలో కూచున్న మనిషి ఆవిడే. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం, అందులో ఎండు ప్లమ్ పండ్ల ముద్ద పెట్టి కాల్చిన తీపి బన్నులు, కొలాచీలు. వాటిని బల్ల మీద పెట్టింది గాని కుర్చీలో కూచోలేదు.

"నేనిలా రావచ్చో రాకూడదో నాకు తెలీదు. కేసు అయిపోయింది, ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చని జడ్జిగారే అన్నారు కదా అని వచ్చాను."

"కూచో ట్వైలా" అంది అర్లీన్.

"కూచుంటే చెప్పలేను." ఆవిడ కోటు గుండీలు తడుముకుంటూ మొదలుపెట్టింది. "లోపల గదిలో ముందు మేమంతా నీ వైపే ఉన్నాం ఎమిల్. ఎంత ఇవ్వాలా అని మాట్లాడుకుంటున్నాం. అప్పుడు గేలర్డ్ స్టిట్ లేచాడు. 'మీరంతా వెర్రివాళ్ళు. పోయిన వేసవిలో చర్చి విందులో బొంతల వేలం ఈయనే పాడాడు. ఈ చెవులతో విన్నాను. ఉరిమినట్టు పాడాడు. ఇక్కడికొచ్చి బొంగురుపోయిన పిల్లిలా నాటకాలాడుతున్నాడు' అన్నాడు. గేలర్డ్ అబద్ధమాడే మనిషి కాదు కదా. దాంతో మేమంతా మారిపోయాం. నేనూ మారాను."

"ఆ రోజు పాడింది లూమిర్" అన్నాడు ఎమిల్.

"లూమిరా? మన లూమిరా?"

"నేను పక్కన నిలబడి బొంతలు పట్టుకుని చూపించాను. అంతే."

ట్వైలా అప్పుడు కూచుంది. "అయ్యో దేవుడా!" అంది.

ఆవిడ వెళ్ళిపోయాక అర్లీన్ కోపంతో గిన్నెలు చప్పుడు చేస్తూ తోమింది. ఎమిల్‌కు కోపం రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది. గేలర్డ్ స్టిట్ అతని వేలంశాలకు ఎన్నో ఏళ్ళుగా దూడల్ని తెస్తున్న మనిషి. అలాంటివాడు లూమిర్ గొంతు విని తనదనుకున్నాడు. అంటే తేడా లేదన్నమాట. పొద్దుపోయేదాకా అదే అతన్ని తొలిచింది.

వాళ్ళ లాయరు కాన్‌స్టన్స్ ఓయిలర్‌ది బక్కపలచని ఒళ్ళు, కత్తిలాంటి మాట. సంగతంతా విని కుర్చీలో ముందుకు జరిగింది.

"ముందు ఒకటి చెప్పండి. మీరు ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు కదా? ఆవిడే వచ్చిందా?"

"ఆవిడే వచ్చింది. కొలాచీలు కూడా తెచ్చింది."

"కొలాచీల సంగతి ఎవరికీ చెప్పకండి." ఆవిడ నవ్వలేదు. "చూడండి హావ్‌లిక్ గారూ. జ్యూరీ ఎందుకలా తీర్పిచ్చిందని అడగడానికి ఎవరికీ హక్కు లేదు. వాళ్ళు తిట్టుకున్నా, నిద్రపోయినా, బొమ్మాబొరుసూ వేసుకున్నా ఆ గది తలుపు మనకు మూసే ఉంటుంది. ఒక్క సందు మాత్రం ఉంది. కోర్టులో ఎవరూ చెప్పని సంగతి బయటినుంచి ఆ గదిలోకి వచ్చిందా అన్నది అడగొచ్చు. స్టిట్ చెప్పింది అలాంటిదే. ఆయన జ్యూరీలో కూచుని సాక్ష్యం చెప్పాడు. మనం ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేకపోయాం."

"ట్వైలా మనసు మార్చుకున్నానంది. అదీ చెప్తుందా?"

"అది కోర్టు వినదు. ఆయన ఏమన్నాడన్నదే వింటుంది." ఆవిడ కలం తీసింది. "ఆ రోజు పాడింది ఎవరో మీ తమ్ముడు అఫిడవిట్ ఇస్తాడు. మీరూ ఇవ్వాలి. స్టిట్ ఎలా పొరబడ్డాడని జడ్జి అడుగుతాడు. మీ తమ్ముడి గొంతు మీ గొంతులాగే ఉంటుందా?"

ఎమిల్ కిటికీ వైపు చూశాడు. "కొంచెం."

"కొంచెమంటే చాలదు."

"ఒప్పుకోవడానికి తంటాలు పడుతున్నాడు పాపం" అంది అర్లీన్. "చెప్పు ఎమిల్. పన్ను పీకించుకోవడం కంటే కష్టమేం కాదు."

"ఒకేలా ఉంటుంది" అన్నాడు ఎమిల్ చివరికి. "పరిచయమున్నవాళ్ళు కూడా పోల్చుకోలేరు."

లాయరమ్మ అది రాసుకుంది. ఎమిల్ సంతకం చేశాడు. లూమిర్ ఆ కాగితం చదివాడు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, తన కాగితం మీద తన సంతకం చేశాడు.

కొత్త విచారణ కావాలని జిల్లా జడ్జినే ముందు అడిగారు. ఆయన మర్యాదస్తుడు, అంతా విన్నాడు. స్టిట్ ఆ మాట అన్నాడనే నమ్ముతున్నానన్నాడు. అయితే ఇరువైపుల డాక్టర్లూ సాక్ష్యం చెప్పారు గనక, ఆ ఒక్క మాట వల్ల తీర్పు తారుమారై ఉంటుందని అనుకోనన్నాడు. కాదు పొమ్మన్నాడు. ఓయిలర్ ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగుతూ, "ఇది నేను ఊహించిందే. పై కోర్టుకు పోదాం" అంది.

"మళ్ళీ అంతా మొదట్నుంచీ చెప్పాలా?" అన్నాడు ఎమిల్. అతని గొంతులో కాస్త ఆశ ఉంది. ఈసారి నవ్వకుండా చెప్పాలని మనసులో ఎప్పుడో నిశ్చయించుకున్నాడు.

"అస్సలు చెప్పక్కర్లేదు. అప్పీలంటే కొత్త సాక్షులుండరు, జ్యూరీ ఉండదు. కింద జరిగిందంతా అచ్చయి ఉంటుంది. ముగ్గురు జడ్జీలు అది చదువుతారు. కింది జడ్జి తప్పు చేశాడా లేదా అన్నదే వాళ్ళ పని. మీరు రాకపోయినా నష్టం లేదు."

"వస్తాను" అన్నాడు ఎమిల్.

ఆ తర్వాత ఏడాది దగ్గరదగ్గరగా గడిచింది. లింకన్‌లో అప్పీలు విన్న రోజున లూమిరే కారు నడిపాడు. ఎమిల్ పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు వేసుకున్నాడు. కోర్టు హాలు చర్చిలా చల్లగా ఉంది. సాక్షి కుర్చీ ఎక్కడా లేదు. ఎత్తున ముగ్గురు జడ్జీలు, కింద లాయర్లు నిలబడే బల్ల, దాని మీద టైము అయిపోయిందని చెప్పే ఎర్రదీపం. లోపలికి వచ్చేటప్పుడు అతని పేరు అడిగినవాళ్ళు లేరు. వాదనలో అతను 'అప్పీలుదారు'. తన గొంతు గురించి అందరూ మాట్లాడుతుంటే, అది ఇంకెవరిదో అన్నట్టు వింటూ కూచున్నాడు.

ఓయిలర్ మొదలుపెట్టిందో లేదో ఒక జడ్జి అడ్డుకున్నాడు. "అమ్మా, జ్యూరీ సభ్యులు ఆ జిల్లా మనుషులే. చెవులు ఇంట్లో వదిలేసి రాలేరు కదా. గీత ఎక్కడ గియ్యమంటారు?"

"వేలం పాడేవాడి పని ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు. ఆ తెలివి వాడుకోవచ్చు. దానికి అభ్యంతరం లేదు" అంది ఆవిడ. "'ఈ మనిషి ఫలానా రోజున ఫలానా పని చేశాడు, నేను విన్నాను' అన్నది మాత్రం తెలివి కాదు, సాక్ష్యం. సాక్ష్యం చెప్పేవాడు ప్రమాణం చేసి, మా ఎదురుగా కూచోవాలి."

కంపెనీ లాయరు లేచినప్పుడు మధ్యలో కూచున్న పెద్దావిడ కళ్ళజోడు తీసింది. "స్టిట్ ఆ మాటే సాక్షి కుర్చీలో చెప్పి ఉంటే ఎదుటివాళ్ళు ఏం చేసేవారంటారు?"

"ప్రశ్నించేవారు."

"ఏమని?"

"ఎక్కడ నిలబడి విన్నారు, మనిషిని చూశారా అని."

"గదిలో ఎవరైనా ఆ ప్రశ్న అడిగినట్టు రికార్డులో ఉందా?"

"గదిలో ఏమనుకున్నారో మనం అడగకూడదు కదా, జడ్జిగారూ."

"అదే మా చిక్కు కూడా" అంది ఆవిడ. ఎర్రదీపం వెలిగింది.

అంతే. పట్టుమని గంట కూడా పట్టలేదు. వరండాలో ఓయిలర్ ఇద్దరికీ చెయ్యి అందించి, మంచీ చెడూ ఇప్పుడే చెప్పలేనంది. తిరుగుదారిలో ఒక హోటల్లో కూచుని బాతు రోస్టూ, పుల్లటి క్యాబేజీ తెప్పించుకున్నారు. లూమిర్ ఫోర్కుతో పళ్ళెంలో గీతలు గీస్తున్నాడు.

"అన్నయ్యా, ఒకటి అడగనా?"

"ఊఁ."

"ఆ కాగితంలో రాసింది... లాయరమ్మ రాయమంటే రాశావా, నిజంగానే అనుకుని రాశావా?"

ఎమిల్ ముద్ద నమిలి మింగాడు. మింగడం కూడా ఇప్పుడు అతనికి నెమ్మదే. "ప్రమాణం చేసి రాసింది కదరా" అన్నాడు. లూమిర్ తల ఊపి ఫోర్కు పక్కన పెట్టాడు.

తీర్పు చలికాలంలో వచ్చింది. ఇద్దరు జడ్జీలు ఎమిల్ వైపు, ఒకరు ఎదురు. జ్యూరీ తీర్పు రద్దు. దెబ్బ ఎంతన్నది తేల్చడానికి మళ్ళీ విచారణ చెయ్యాలి. కంపెనీ ఇంకా పైకి వెళ్ళి చూసింది. అక్కడ ఆ మొర వినం పొమ్మన్నారు. తీర్పులో గేలర్డ్ పేరు లేదు, 'స అనే సభ్యుడు' అని మాత్రమే ఉంది. బ్రానిక్‌లో ఆ 'స' ఎవరో కాఫీ అంగడిలో కప్పులు కడిగేవాడికి కూడా తెలుసు.

మంచు కరిగాక ఒక గురువారం గేలర్డ్ స్టిట్ దూడల్ని తోలుకొచ్చాడు. ప్రమాదం తర్వాత అతను కొడుకుతో పంపించేవాడు, తనే రావడం ఇదే మొదలు. ఎవరినీ పలకరించలేదు. నిలువెత్తు మనిషి, ఎర్రగా కందిన మెడ. ఎమిల్ ఆ పూట పెరట్లో దొడ్ల మధ్య నిలబడి, ఏ మంద తర్వాత ఏది లోపలికి పోవాలో చూస్తున్నాడు. గేలర్డ్ తిన్నగా అతని మీదికొచ్చాడు.

"రాష్ట్రం మొత్తానికి నన్ను దొంగను చేశావు కదయ్యా."

"నీ పేరు ఎక్కడా లేదు గేలర్డ్."

"పేరెందుకు? నా మనవరాలు స్కూలు నుంచి ఏడుస్తూ వచ్చింది. నేనేం అబద్ధమాడాను? విన్నాను, విన్నానన్నాను. చర్చి వెనక నా బండిలో కూచుని భోంచేస్తూ లౌడ్‌స్పీకరులో మొదట్నుంచీ చివరిదాకా విన్నాను. నీ పాట నాకు తెలీదా? నువ్వు పుట్టకముందు నీ బాబు పాట కూడా విన్నానోయ్ నేను!"

"మనిషిని చూశావా?"

"గొంతు విన్నాక మనిషితో పనేంటి?"

ఎమిల్ జవాబు చెప్పబోయాడు. అప్పుడు లోపల వేలం మొదలైంది. దొడ్ల మీద కట్టిన లౌడ్‌స్పీకరులోంచి పాట ఒక్కసారిగా పెరడంతా నిండింది. అంకెలు పరుగు తీశాయి, ఎవరో పిసినారి మీద చురక పడింది, లోపల జనం నవ్వారు, మళ్ళీ అంకెలు ఎత్తుకున్నాయి. ఒకటోసారి, రెండోసారి.

గేలర్డ్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. లౌడ్‌స్పీకరు వైపు చూశాడు. ఎదురుగా పెదవులు మూసుకుని నిలబడ్డ ఎమిల్‌ను చూశాడు. మళ్ళీ లౌడ్‌స్పీకరు వైపు చూశాడు. దూడ ఒకటి వచ్చి అతని కోటు అంచు నాకితే కూడా తెలియలేదు. ఎత్తుబల్ల ఎక్కింది లూమిర్ అని విన్నాడే గాని, ఆ పాట ఇలా ఉంటుందని అతనికి తెలియదు.

"అది రికార్డా?" అన్నాడు చివరికి.

"లూమిర్."

గేలర్డ్ చాలాసేపు విన్నాడు. ఎమిల్ కూడా పక్కనే నిలబడి విన్నాడు. మూడోసారికి సుత్తి పడింది.

"కంపెనీ లాయరు నా ఇంటికొచ్చాడు" అన్నాడు గేలర్డ్, నేల వంక చూస్తూ. "కొత్త విచారణలో సాక్షిగా రమ్మన్నాడు. విన్నది విన్నట్టు చెప్పమన్నాడు. వస్తానన్నాను."

"రా మరి. నీ ఇష్టం."

"నువ్వు చెప్పేదేంటిలే." అతను మళ్ళీ కాస్త కోపం తెచ్చుకున్నాడు. క్షమించమని అడగలేదు. దూడలకు ధర బాగానే పలికిందని కబురొస్తే తల ఊపి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు.

కొన్ని వారాలకు ఓయిలర్ ఫోను చేసింది. గేలర్డ్ కంపెనీ లాయరుతో తేల్చి చెప్పాడట: 'నేను విన్నది లౌడ్‌స్పీకరును. అంతకుమించి ప్రమాణం చెయ్యను.' ఆ సాక్షి పోవడంతో కంపెనీ రాజీకి దిగింది. గొంతుకూ పనికీ కలిపి ఇస్తామంటోంది. న్యాయమైన బేరమే అంది ఓయిలర్.

"మరి విచారణ?" అన్నాడు ఎమిల్.

"రాజీ అయితే విచారణ ఉండదు."

"అంటే జ్యూరీకి మళ్ళీ చెప్పేది లేదన్నమాట."

"మీకు చెప్పాలనుంటే చెప్పించగలను. కొత్త జ్యూరీ ఏమంటుందో మాత్రం నేను హామీ ఇవ్వలేను. ఆలోచించుకోండి."

ఎమిల్ ఆలోచించుకున్నాడు. చాలా నెలలుగా పొలం గట్టున నడుస్తూ, గడ్డం గీసుకుంటూ, ఈసారి చెప్పాల్సిన మాటలన్నీ కూడబెట్టుకున్నాడు. నవ్వకుండా చెప్పడం కూడా అలవాటు చేసుకున్నాడు. ఇప్పుడు ఆ మాటలు వినేవాళ్ళే లేకుండా పోతారు. అర్లీన్‌తో ఆ సంగతే చెప్పాడు.

"నాకు చెప్పు" అంది ఆవిడ. "నేను జ్యూరీని కాకపోతే కాకపోయాను. కూచుని వింటాను."

అతను చెప్పాడు. పళ్ళేలు చల్లారిపోయాయి. ఆవిడ ఒక్కసారి కూడా ఎకసెక్కం ఆడలేదు. మర్నాడు అతను రాజీకి ఒప్పుకున్నానని లాయరుకు కబురు పంపాడు.

సంతకాల కోసం ఓయిలర్ ఆఫీసుకు వెళ్ళిన రోజున కూడా లూమిరే తీసుకెళ్ళాడు. తిరిగొస్తుంటే రోడ్డుకు రెండువైపులా కొత్తగా దున్నిన నేల, దూరంగా ట్రాక్టరు వెనక తెల్లపిట్టలు.

"నువ్వు ఇరవై దాటగానే ఊపిరి తీసుకుంటున్నావు" అన్నాడు ఎమిల్ ఉన్నట్టుండి.

"ఏంటి?"

"పాటలో. ఇరవై దాటగానే ఆగి ఊపిరి లాగుతున్నావు. ఆ సందులో బేరగాడికి ఆలోచించుకునే టైము దొరుకుతోంది. చెయ్యి దించేస్తున్నాడు."

లూమిర్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "బల్ల ఎక్కి ఇన్నాళ్ళయింది. ఇప్పుడా చెప్పడం?"

"ఇన్నాళ్ళూ నువ్వు తప్పు చేస్తుంటే నాకు హాయిగా ఉండేదిరా."

లూమిర్ భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోలేక బండి వేగం తగ్గించాల్సి వచ్చింది. "అర్లీన్ వదినకు చెప్తాను ఉండు ఈ మాట."

"ఆవిడకు ఎప్పుడో తెలుసు."

"సరే, మరి ఎక్కడ తీసుకోమంటావు ఊపిరి?"

ఎమిల్ సీట్లో కాస్త పక్కకు తిరిగాడు. "నువ్వు మొదలుపెట్టు. పెయ్య అనుకో, మంచి నల్ల పెయ్య. నేను ఇక్కడ కొడతాను, కొట్టిన చోట తీసుకో" అని, ముందున్న డ్యాష్‌బోర్డు మీద వేళ్ళతో తాళం వెయ్యడం మొదలుపెట్టాడు.